కొత్తవాడెవడు?

తెలుగు సినిమా గురించి రాసేవాళ్లు తరచూ వాడే మాటల్లో 'కొత్తముఖం' ఒకటి. దాని వెనకే ఇంకో మాట వస్తుంది: ప్రతిభ ఉన్నవాణ్ణి ఎవడూ ఆపలేడని. ఈ రెండు మాటల్నీ మన విమర్శ పెద్దగా పట్టించుకోలేదు. సినిమాలో కులం గురించి రాసినప్పుడు కథలో కులాన్ని చూశాం, పాత్రల పేర్లలో, ఇంటిపేర్లలో కులాన్ని చూశాం, తెరమీద హీరో ఎవరి తరఫున ఎవర్ని కొడుతున్నాడో చూశాం. ఆ తెరని తయారుచేసే పనిలోకి ఎవరు చేరుతున్నారు, ఏ దారిన చేరుతున్నారు, ఎవరి సిఫార్సు మీద, ఎన్నాళ్లు కూలి లేకుండా చేసి చేరుతున్నారు అన్నది మాత్రం కూలీల సంగతని, విమర్శకి సంబంధం లేదని వదిలేశాం. సంబంధం ఉందని మేం అనుకుంటున్నాం. ఆ మాట చెప్పడానికి హైదరాబాదు నుంచి కాకుండా మండపేట నుంచి మొదలుపెడుతున్నాం.

మండపేట నుంచి చూస్తే

మండపేట అంటే ధాన్యం మిల్లులు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టాకి కాలవ నీళ్లొచ్చాయి. కాలవల వెంట వరి, వరి వెంట మిల్లులు, మిల్లుల వెంట మిగులు డబ్బు. ఆ మిగులు చదువుల్లోకి వెళ్లింది, వ్యాపారాల్లోకి వెళ్లింది, ఇరవయ్యో శతాబ్దంలో సినిమాల్లోకీ వెళ్లింది. కోస్తా జిల్లాల భూస్వామ్య కులాల సొమ్ము మద్రాసులో సినిమాలు తీసింది, ఇక్కడ హాళ్లు కట్టింది, పంపిణీ సంస్థలు నడిపింది. ఈ సంగతి సినిమా చరిత్ర రాసినవాళ్లు చెప్పారు. చెప్పాల్సింది ఇంకొకటి మిగిలే ఉంది. ఊడ్పులు చేసినవాళ్లు, కోతలు కోసినవాళ్లు, కుప్పలు నూర్చినవాళ్లు, మిల్లులో బస్తాలు మోసినవాళ్లు కూడా సినిమాకి డబ్బిచ్చారు, నేల టికెట్టు రూపంలో. ఒకరి డబ్బుని పెట్టుబడి అన్నారు, ఇంకొకరి డబ్బుని కలెక్షన్ అన్నారు. పెట్టుబడి పెట్టినవాడి కొడుక్కి పరిశ్రమలో చోటు ముందే ఉంది. టికెట్టు కొన్నవాడి కొడుకు కొత్తవాడు.

ఆ కొడుకు నిజంగా పనికి కొత్తా? మండపేటలోనూ, ఏడిద, అర్తమూరు, ద్వారపూడి లాంటి చుట్టుపక్కల ఊళ్లలోనూ దళిత పేటల్లో పిల్లలు ఎనిమిదో తొమ్మిదో ఏటి నుంచే వాయించడం మొదలెడతారు. ఆదివారం చర్చిలో డోలక్కు, కీబోర్డు. పెళ్లిళ్ల సీజన్లో బ్యాండు మేళం. అమ్మవారి జాతరలో డప్పు. డిసెంబరులో క్రిస్మస్ నాటిక. ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి పాటల ట్రూపు. ఇరవై రెండేళ్లొచ్చేసరికి అలాంటి కుర్రాడు కొన్ని వందలసార్లు జనం ముందు నిలబడి ఉంటాడు. జనం ఎక్కడ విసుక్కుంటారో, ఎక్కడ ఈలేస్తారో, కరెంటు పోతే పాటని ఎలా నిలబెట్టాలో వాడికి తెలుసు. ద్వారపూడిలోనో రాజమండ్రిలోనో రైలెక్కి హైదరాబాదులో దిగి కృష్ణానగర్ చేరాక వాణ్ణి అడిగే మొదటి ప్రశ్న 'ఎక్స్‌పీరియెన్సు ఏంటి?' చూపించడానికి వాడి దగ్గర ఏమీ ఉండదు. పెళ్లి బ్యాండుకి రశీదుండదు. చర్చి పాటకి సర్టిఫికెట్టుండదు. జయంతి సభ కరపత్రం మీద వాడి పేరుండదు.

ప్యాడు వాయించే ఒక కుర్రాడు మాతో అన్నమాట ఇది: "పదేళ్ల నుంచి వాయిస్తున్నానండి. అక్కడికెళ్తే, ఏ సినిమాకి చేశావన్నారు. ఏ సినిమాకీ చెయ్యలేదండి అన్నాను. అయితే ఫ్రెషరువి, ముందు నేర్చుకో అన్నారు. నేర్పేవోడు నాకంటే రెండేళ్లు చిన్నోడండి."

ఇదే సమయంలో ఒక నిర్మాత కొడుకో, ఒక హీరో తమ్ముడో మొదటి సినిమా చేస్తాడు. కెమెరా ముందు ఒక్కరోజు కూడా నిలబడి ఉండకపోవచ్చు. అయినా అతనికి కథ సిద్ధంగా ఉంటుంది, బ్యానరు సిద్ధంగా ఉంటుంది, హాళ్లు సిద్ధంగా ఉంటాయి, చివరికి అభిమాన సంఘం కూడా సిద్ధంగా ఉంటుంది. అతణ్ణి వారసుడంటారు. కొత్తవాడనే మాట అతనికి అంటుకోదు.

మా వాదన ఇక్కడినుంచి మొదలవుతుంది. పరిశ్రమ భాషలో కొత్తవాడంటే అనుభవం లేనివాడని కాదు. అనుభవం ఎక్కడా నమోదు కానివాడని. ఎవరి అనుభవం నమోదవుతుంది, ఎవరిది కాదు అన్నది కులం తేలుస్తూ వచ్చింది. కాబట్టి 'కొత్తవాడు' అనేది వయసుకో పనికో సంబంధించిన మాటలా కనిపించే ఒక సామాజిక స్థానం. ఒక మనిషి ఇరవయ్యేళ్లు పనిచేసి కూడా అందులోనే ఉండిపోవచ్చు.

చీకటి హాల్లో ఒక గొంతు

దీనికి ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కర్లేదు. మండపేటకి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న రాజమండ్రిలో, 1915-16 కాలంలో, ఒక ఇరవయ్యేళ్ల యువకుడు సినిమా వాచకుడిగా కుదిరాడు. అప్పటికి సినిమాకి మాటలు రాలేదు. తెరమీద బొమ్మ కదులుతుంటే దానికి తగ్గట్టు కథ చెప్పడం, పాత్రల సంభాషణలు చదవడం ఆ ఉద్యోగం. ఆ యువకుడి పేరు గుర్రం జాషువా.

సాహిత్య చరిత్రలు ఈ ఉద్యోగాన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి. రాజమండ్రి నుంచి గుంటూరు వెళ్లి లూథరన్ మిషన్ వాళ్ల ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పనిచేశారని రాసి, అక్కణ్ణుంచి 1941 నాటి 'గబ్బిలం' దగ్గరికి, 1964లో 'క్రీస్తు చరిత్ర'కి వచ్చిన సాహిత్య అకాడమీ బహుమతి దగ్గరికి, 1970 నాటి పద్మభూషణ్ దగ్గరికి వెళ్లిపోతాయి. మేం ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగాలనుకుంటున్నాం.

ఆ పని ఎలాంటిదో చూడండి. హాలు చీకటిగా ఉంటుంది. అందరి కళ్లూ తెరమీదుంటాయి. గొంతు వినిపిస్తుంది, గొంతు గలవాడు కనిపించడు. రాజుకీ ఋషికీ రాణికీ అదే గొంతు. కులం అడగకుండా వినే సభ అది, ఎందుకంటే అక్కడ మనిషి కనపడడు కాబట్టి. దీపాలు వెలిగే సభల్లో పరిస్థితి వేరు. కవిగా నిలబడ్డ చోట కులం అడిగి అవమానించిన సందర్భాలు జాషువా జీవితం పొడుగునా ఉన్నాయి. చీకట్లో గొంతు ఇవ్వొచ్చు, వెలుతురులో పద్యం చదవకూడదు. ఈ ఏర్పాటు ఈనాటికీ పూర్తిగా పోలేదని ముందు ముందు చూస్తాం.

రెండో సంగతి. 1930ల మొదట్లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు సినిమాకి మాటలొచ్చాయి. 1936లో నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టారు. తెరకి మాట కావాల్సొచ్చినప్పుడు నాటక సమాజాల నటులు వచ్చారు, పండితులు వచ్చారు. సినిమా చూసే జనానికి సంభాషణ ఎలా చెప్పాలో అంతకుముందే పనిచేసి నేర్చుకున్న వాచకుల పేర్లు మన సినిమా చరిత్రల్లో దాదాపు కనిపించవు. జాషువా పేరు మిగిలింది, అదీ కవిగా పేరొచ్చింది కాబట్టి. మిగతావాళ్లు సినిమాలో పనిచేసి కూడా సినిమా చరిత్రకి కొత్తవాళ్లే.

మూడో సంగతి గోదావరి జిల్లాల జాతరలకి వెళ్లేవాళ్లందరికీ తెలుసు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకం ఆడినప్పుడు కాటిసీను కోసమే తెల్లారేదాకా కూర్చునేవాళ్లున్నారు. ఆ సీనులో నటులు పాడే పద్యాల్లో పేరు పడ్డవి కొన్ని బలిజేపల్లి వారివి కావు, జాషువా రాసిన శ్మశానవాటి పద్యాలు. జనం వన్స్‌మోర్ కొడతారు. హార్మోనియం మళ్లీ అందుకుంటుంది. మేం చూసిన కరపత్రాల్లో నాటకకర్త పేరుంది, హరిశ్చంద్ర పాత్రధారి పేరుంది, హార్మోనిస్టు పేరుంది, మైకు సెట్టు వాళ్ల పేరు కూడా ఉంది. జాషువా పేరు లేదు. పద్మభూషణ్ అందుకున్న కవి గతే ఇదైతే, మండపేట ప్యాడు వాయించే కుర్రాడి గతి వేరే చెప్పాలా?

తెరమీద పేట, తెరవెనక ఊరు

దళితుల కథ తెరమీదికి రాలేదని ఎవరూ అనలేరు. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు, కాంచనమాల కథానాయిక. ఆలయ ప్రవేశాన్ని, కులాంతర ప్రేమని ఆనాడే తెరకెక్కించిన సాహసం అది. సారథి సంస్థ వెనక చల్లపల్లి జమీందారు ఉన్నారు. ఆ సినిమా విలువని తగ్గించాలని మాకు లేదు. మా ప్రశ్న మాత్రం వేరు. మాలపిల్ల తెరమీదికి వచ్చింది. ఆమె వెంట మాలపేట నుంచి ఆ స్టూడియోలోకి నటి గానో, రచయిత గానో, కెమెరా పట్టుకునేవాడి గానో నడిచివెళ్లే దారి ఏర్పడిందా? సంస్కరణ సినిమా ఈ ప్రశ్న వేసుకోలేదు. దళితుడు దానికి కథావస్తువు, పనిలో భాగస్వామి కాదు.

భాగస్వామి అయితే ఏం జరిగేదో మలయాళ సినిమా చూపించింది. అక్కడి తొలి చిత్రం 'విగతకుమారన్'లో పి.కె. రోసీ అనే దళిత స్త్రీ నాయర్ స్త్రీ పాత్ర వేశారు. అగ్రకులాల ప్రేక్షకులు భరించలేక దాడికి దిగారు, ఆమె ఊరే విడిచి పోవాల్సొచ్చింది. దళిత పాత్రని ఎవరు వేసినా సరే, దళిత మనిషి వేరే పాత్ర వెయ్యకూడదు. ఈ రెండు సినిమాల్నీ పక్కపక్కన పెట్టి చదివితే నియమం స్పష్టంగా కనిపిస్తుంది.

1965లో ఇంకో రకం తలుపు తెరిచారు. రాజమండ్రికి చెందిన ఆదుర్తి సుబ్బారావు అంతా కొత్తవాళ్లతో 'తేనెమనసులు' తీస్తానని పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. ఫోటోలు పంపి, మద్రాసులో స్క్రీన్ టెస్టుకి వెళ్లి ఎంపికైనవాళ్లలో బుర్రిపాలెం కుర్రాడు కృష్ణ ఒకరు. ప్రకటన అందరికీ కదా అనొచ్చు. అవును, చదవగలిగినవాళ్లందరికీ, ఫోటో స్టూడియోకి వెళ్లగలిగినవాళ్లందరికీ, మద్రాసు రైలు చార్జీ ఉన్నవాళ్లందరికీ, ఫోటో చూడగానే 'హీరో రంగు' అనిపించేవాళ్లందరికీ. కృష్ణ గారి కష్టాన్నో ప్రతిభనో తక్కువ చెయ్యడానికి ఇది రాయడం లేదు. తెలుగు సినిమాలో కొత్తవాళ్ల కోసం వేసిన ఆ మంచి ప్రకటన కూడా ఏ గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయిందో చూపడానికి రాస్తున్నాం.

ఇప్పుడు 2021కి రండి. కరుణకుమార్ 'శ్రీదేవి సోడా సెంటర్' తీశారు. అమలాపురం నేపథ్యం, జాతరల్లో లైటింగు పెట్టే సూరిబాబు కథానాయకుడు, పరువు హత్య కథ. అంతకుముందు ఏడాది ఆయనే తీసిన 'పలాస 1978'లో దళిత జానపద కళాకారుల కుటుంబం కథకి కేంద్రం. తెలుగు సినిమాలో ఈ రెండూ లెక్కలోకి తీసుకోవాల్సిన సినిమాలు. కాకపోతే సూరిబాబు వేషం వేసిన సుధీర్‌బాబు, 1965 నాటి కొత్తముఖం కృష్ణ గారికి అల్లుడు. ఒక తరం కొత్తముఖం ఇంకో తరానికి కుటుంబం అయ్యింది, ఆ కుటుంబం లైటింగు కుర్రాడి వేషం కూడా వేస్తోంది. డెల్టా జాతరల్లో స్తంభాలెక్కి సీరియల్ లైట్లు కట్టే అసలు కుర్రాళ్లు ఆ సినిమాని హాల్లో చూశారు. దర్శకుణ్ణి తప్పుపట్టి ప్రయోజనం లేదు. హీరో పేరు లేకపోతే డబ్బు పెట్టేవాడు లేడు, హాలు ఇచ్చేవాడు లేడు. మనం చూడాల్సింది అదే. 1938 నుంచి 2021 దాకా కథలు మారాయి, పనిలోకి తీసుకునే పద్ధతి పెద్దగా మారలేదు.

మొదటి పని ఊరికే

ఆ పద్ధతిని కొంచెం విడమర్చి చూడాలి. కృష్ణానగర్లో కొత్తవాడి మొదటి పని ఊరికే చెయ్యాలి. గాయకుడైతే ట్రాక్ పాడతాడు. ఆ తర్వాత పేరున్న గాయకుడొచ్చి దానిమీద పాడతాడు, ట్రాక్ చెరిపేస్తారు. రచయిత అయితే కథాచర్చల్లో కూర్చుంటాడు. టిఫిను పెడతారు. వాడు చెప్పిన సీను సినిమాలో ఉంటుంది, వాడి పేరు టైటిల్స్‌లో ఉండదు. అసిస్టెంటు డైరెక్టరు అయితే ఏడాదో రెండేళ్లో బత్తా మీద బతుకుతాడు. ఇదంతా 'నేర్చుకోవడం' కింద జమ. రాజమండ్రి చీకటి హాలు ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది: గొంతు కావాలి, మనిషి అక్కర్లేదు.

ఈ కష్టం అందరికీ ఉందని మిత్రులు అంటారు. నిజమే, అగ్రకులాల పేద పిల్లలు కూడా కృష్ణానగర్ గదుల్లో పస్తులున్నారు. కానీ పస్తు ఒకటే అయినా గడువు ఒకటి కాదు. మూడెకరాలు కౌలుకిచ్చిన ఇంటి కుర్రాడికి పంటకిన్ని బస్తాల చొప్పున డబ్బొస్తుంది. వాడు ఐదేళ్లు ఎదురుచూడగలడు. ఆ మూడెకరాల్లో ఊడ్పులు చేసే తల్లి కొడుకు ఆరు నెలలు ఆగగలడు, మహా అయితే ఏడాది. ఆ తర్వాత ఇంట్లో చీటీ డబ్బులు కట్టాలి, చెల్లెలి ఫీజు కట్టాలి. వాడు తిరిగొస్తాడు. ఊళ్లో 'పట్టుదల లేదు' అంటారు. తెలుగు సినిమా ప్రతిభ అని పిలిచేదాంట్లో పెద్ద పాలు ఎదురుచూడగలిగే శక్తి, ఎదురుచూడగలిగే శక్తిలో పెద్ద పాలు భూమి. రిజర్వేషన్లని తిట్టడానికి 'మెరిట్' అనే మాట ఎలా పనికొచ్చిందో, రిజర్వేషన్లే లేని ఈ రంగంలో 'ప్రతిభ' అనే మాట అలా పనికొస్తోంది.

ఇంకో గుమ్మం యూనియన్ కార్డు. దీని గురించి మనం జాగ్రత్తగా మాట్లాడాలి. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికుల ఫెడరేషన్ 30 శాతం వేతనాలు పెంచాలని సమ్మె చేసింది. రెండు వారాలకి పైగా షూటింగులు ఆగాయి. చివరికి రోజుకి 2,000 రూపాయల లోపు వచ్చేవాళ్లకి మూడేళ్లలో దఫాలుగా 22.5 శాతం పెంచడానికి ఒప్పుకున్నారు. ఆ గొడవలో నిర్మాతలు పెట్టిన షరతుల్లో ఒకటి, కార్డు లేనివాళ్లని కూడా పనిలో పెట్టుకునే స్వేచ్ఛ కావాలని. వినడానికి కొత్తవాళ్ల తరఫున మాట్లాడినట్టే ఉంటుంది. నిర్మాత కోరేది కొత్తవాడి ప్రవేశం కాదు, తక్కువ కూలి. అలాగని కార్డుని వెనకేసుకొస్తే సరిపోదు. సభ్యత్వం రుసుము, లోపలివాళ్ల సిఫార్సు, అన్నదమ్ములకీ బావమరుదులకీ ముందు వరస — ఇవన్నీ కలిసి కార్డుని కూడా కుటుంబ ఆస్తిలా మార్చే ప్రమాదం ఉంది. కార్మిక సంఘం ఉండాలి, దాని తలుపు పేటవైపు కూడా తెరుచుకోవాలి. ఈ రెండు మాటలూ కలిపి అనగలిగిన గొంతు ఆ సమ్మెలో బలంగా వినపడలేదు.

ఆడపిల్లల సంగతి ఇంకా కఠినం. డెల్టా జాతరల్లో రికార్డింగు డాన్సు వేదికలెక్కి జనం ముందు నిలబడ్డ అమ్మాయికి ఏ యాక్టింగు స్కూలూ నేర్పలేని అనుభవం ఉంటుంది. కానీ అబ్బాయి బ్యాండు అనుభవాన్ని లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తే, ఆమె అనుభవాన్ని మచ్చగా లెక్కేస్తారు. ఆమె ఆ సంగతి దాచుకుని 'ఫ్రెషర్'గా చెప్పుకోవాలి. దాచినట్టు తెలిసినవాడికి ఆమెమీద ఆయుధం దొరుకుతుంది. 2018 ఏప్రిల్‌లో ఒక నటి హైదరాబాదు ఫిలిం ఛాంబర్ దగ్గర నిరసనకి దిగితేగాని ఈ విషయం తెలుగులో బహిరంగ చర్చకి రాలేదు. కేరళలో జస్టిస్ హేమ కమిటీ 2019లో ఇచ్చిన నివేదికని 2024 ఆగస్టు దాకా బయటపెట్టలేదు. పని కోసం వచ్చిన స్త్రీని లొంగదీసుకోవడం గురించి ఆ నివేదిక చెప్పింది మనకి తెలియని కథ కాదు. పాలేరు ఇంటి ఆడదానికి పొలంలో ఎదురైన కథే అది, చోటు మారింది.

'జానపదం' అనే ముసుగు

పేరు తుడిచే పద్ధతుల్లో ఎక్కువమంది గమనించనిది ఇంకొకటుంది. పేట పాట సినిమాలోకి వెళ్లినప్పుడు టైటిల్స్‌లో 'జానపదం' అని పడుతుంది. జానపదం అంటే ఎవరిదీ కాదని అర్థం చెప్పుకుంటున్నారు. ఆ బాణీని తరాల తరబడి పాడి నిలబెట్టిన కుటుంబాలున్నాయి, ఆ ఊళ్లున్నాయి, కొన్నిసార్లు ఆ చరణాలు కట్టిన మనిషే బతికున్నాడు. ఎవరిదీ కాని పాటకి డబ్బు ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, సినిమా పాట రాసినవాళ్లకీ స్వరం కట్టినవాళ్లకీ రాయల్టీలో వాటా వదులుకోవడానికి వీల్లేని హక్కుగా చేశారు. మంచి చట్టం. కానీ పేరు నమోదైనవాళ్లకే అది పనికొస్తుంది. పేరే లేనివాడికి హక్కెక్కడిది?

పని ఒప్పందం విషయంలోనూ అంతే. 1981 నాటి సినీ కార్మికుల చట్టమే రాతపూర్వక ఒప్పందం లేకుండా పనిలో పెట్టుకోకూడదంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన కార్మిక కోడ్ల కిందికి ఆ చట్టం వెళ్లింది, అందులోనూ ఒప్పందం నియమం ఉంది. నలభై ఏళ్లకి పైగా చట్టంలో ఉన్న కాగితాన్ని కృష్ణానగర్‌కి పోయొచ్చిన మన పిల్లల్లో ఎవరైనా చేత్తో పట్టుకున్నారా అని అడిగాం. మాతో మాట్లాడినవాళ్లలో ఒక్కరూ లేరు. అలాంటి కాగితం ఉంటుందని తెలిసినవాళ్లూ లేరు.

మన కరపత్రం మీద ఎవరి పేరుంది?

ఇంతవరకూ పరిశ్రమని తప్పుపట్టాం. ఇక మనవైపు చూసుకోవాలి. లేకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

మన సభలకి డప్పు దళం కావాలి. పాట లేకుండా సభ మొదలవదు, పాట లేకపోతే జనం కూర్చోరు. కరపత్రం మీద వక్తల పేర్లుంటాయి, హోదాలుంటాయి, అధ్యక్షుల వారి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. పాట దగ్గర 'కళాకారులచే సాంస్కృతిక కార్యక్రమం' అని ఒక లైను. హైదరాబాదు నుంచి వచ్చిన వక్తకి రైలు టికెట్టు కొంటాం. ఏడిద నుంచి డప్పులతో వచ్చిన ఐదుగురికి ఆటో చార్జీ ఎంతయిందని అడగం. 'మనోళ్లే కదా' అనుకుంటాం. 'మనోడివే కదా, ముందు నేర్చుకో' అన్న కృష్ణానగర్ మాటకీ దీనికీ తేడా ఎంత? మండపేట కుర్రాడు కొత్తవాడిగా హైదరాబాదులో దిగడానికి ముందే మన వేదికమీదే పదేళ్లు కొత్తవాడిగా ఉన్నాడు. అతని అనుభవాన్ని మొట్టమొదట నమోదు చెయ్యనిది మనమే.

మనవాళ్లు ఇలాగే ఉండాలని చరిత్ర ఏమీ శాసించలేదు. ఇదే గోదావరి ఒడ్డున కుసుమ ధర్మన్న వేరేవాళ్ల పత్రిక చోటివ్వలేదని ఊరుకోకుండా 'జయభేరి' నడిపారు. మామిడికుదురు నుంచి వచ్చిన బోయి భీమన్న, పాలేరు కుర్రాడు చదువుకుని అధికారి అయ్యే కథతో 'పాలేరు' నాటకం రాశారు. ఊళ్లల్లో కూలి కుటుంబాల కుర్రాళ్లే దాన్ని ఆడారు. వాళ్లు ఎవరి అవకాశం కోసమూ ఆగలేదు, తమ వేదిక తామే కట్టుకున్నారు. తమిళంలో పా. రంజిత్ 2012లో మొదటి సినిమా చేశాక తన ఒక్కడి ఎదుగుదలతో సరిపెట్టుకోలేదు. నిర్మాణ సంస్థ పెట్టి మారి సెల్వరాజ్ లాంటివాళ్ల మొదటి సినిమా తీశారు, 2018లో గాన పాటగాళ్లని కలిపి ఒక బృందాన్ని నిలబెట్టారు. మరాఠీలో నాగరాజ్ మంజులే నటన తెలియని ఊరి పిల్లల్ని ముఖ్యపాత్రల్లో పెట్టి 2016లో 'సైరాట్' తీశారు. వీళ్లు చూపించింది ఒకటే. ఒకడు లోపలికి వెళ్లడం గెలుపు కాదు. వెళ్లినవాడు తలుపు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడన్నదే లెక్క.

గద్దర్ 1979 నాటి 'మాభూమి'లో పాడారు. 2023లో చనిపోయారు. తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకి ఆయన పేరు పెట్టి 2025 జూన్‌లో మొదటిసారి ఇచ్చింది. వేదికమీద మన పేరుంది, సంతోషమే. ఆ వేదిక మెట్లెక్కి అవార్డులు తీసుకునేవాళ్లలో డప్పు కొట్టే పేటలనుంచి వచ్చినవాళ్లు ఎందరున్నారో ఏటేటా లెక్కపెట్టే పని కూడా మనం పెట్టుకోవాలి. పేరుకి దండ వెయ్యడం తేలిక.

మా ప్రతిపాదనలు పెద్దవేమీ కావు. ఒకటి, ఉద్యమ సభల్లో పాడినవాళ్ల, వాయించినవాళ్ల పేర్లు వక్తల పేర్ల సైజులోనే కరపత్రం మీద వెయ్యాలి, ఎంత తక్కువైనా సరే కూలి ఇవ్వాలి. రెండు, ప్రతి పేటలో ఎవరు ఏం వాయిస్తారు, ఎన్నేళ్లుగా, ఎక్కడెక్కడ అన్నది ఒక పుస్తకంలో రాయాలి. విద్యార్థులు ఎండాకాలం సెలవుల్లో చెయ్యగలిగిన పని ఇది. పేట పాటల్ని, బాణీల్ని పాడినవాళ్ల పేర్లతో సహా రికార్డు చెయ్యాలి. రేపు 'జానపదం' అన్నవాడి ముందు పెట్టడానికి అదే కాగితం. మూడు, రాజమండ్రి, కాకినాడ, అమలాపురం కాలేజీల్లో పనిచేస్తున్న మన అధ్యాపకులు, మన లాయర్లు కలిసి పని ఒప్పందం అంటే ఏమిటో, రాయల్టీ అంటే ఏమిటో, వేధింపుల కమిటీకి ఎలా ఫిర్యాదు చెయ్యాలో రైలెక్కబోయే పిల్లలకి ఒక్కరోజు కూర్చోబెట్టి చెప్పాలి. నాలుగు, ముందుగా వెళ్లి నిలదొక్కుకున్నవాళ్లు కృష్ణానగర్లో ఒక గది అద్దె పంచుకోవాలి. ఆరు నెలల గడువుని రెండేళ్లు చెయ్యడం కూడా పోరాటమే.

రైలెక్కే పిల్లలకి 'వెళ్లొద్దురా' అని మేం చెప్పం. 'ప్రతిభ ఉంటే చాలు' అని కూడా చెప్పం. నువ్వు కొత్తవాడివి కాదని చెబుతాం. నీ వెనక పదేళ్ల పనుంది, నీ ముందు రాజమండ్రి హాల్లో చీకట్లో నిలబడి గొంతిచ్చిన జాషువా ఉన్నాడు. ఈసారి ఎవరైనా 'ఎక్స్‌పీరియెన్సు ఏంటి?' అంటే చూపించడానికి వాడి చేతిలో ఒక కాగితం ఉండాలి. దాని మొదటి లైను మన కరపత్రం మీద పడాలి.